గీతకు పైన గూడు

ముందుగా ఈ ప్రయాణంలో నాకు జరిగిన అన్యాయాల జాబితా. తేదీలు నా దినచర్య పుస్తకంలోనివి.

జనవరి 28, బుధవారం. బయలుదేరిన విమానాశ్రయంలో నా చేతిసంచిలోని ముప్పై మీటర్ల ఇనుప కొలత టేపును భద్రతా సిబ్బంది తీసుకొని చెత్తడబ్బాలో వేశారు. రశీదు అడిగాను. నవ్వారు.

జనవరి 30, శుక్రవారం, ఉదయం. దోహాలో ఒక యాత్రా సంస్థ వారు రెండు టికెట్లు ఇచ్చి, పేర్లు రాసుకొని, తీరా బస్సెక్కిన తరువాత నా తమ్ముణ్ణి దింపివేశారు. కారణం నోటితో చెప్పారు. కాగితం మీద ఇవ్వలేదు.

అదే రోజు, మధ్యాహ్నం. ఉత్తర తీరంలోని శిథిల పట్టణంలో అదే సంస్థ గైడు, బస్సెడు జనం ముందు, జరగని విషయాన్ని చరిత్రగా చెప్పాడు.

ఫిబ్రవరి 1, ఆదివారం. ఆ సంస్థ కార్యాలయంలో ఫిర్యాదు పుస్తకం అడిగితే గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ చూపించారు.

ఈ నాలుగింటిలో మూడవదానికి మూలకారకుడు మా ఇంటివాడేనని ఆ మధ్యాహ్నమే తెలిసింది. అయినా జాబితాలోంచి కొట్టివేయలేదు. ముప్పై నాలుగేళ్ళు భూమి కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి. మా నాయన పేరున ఉన్న చెలకలోనే హద్దురాయి తప్పుగా ఉన్నదని తేల్చి రెండు గజాలు ఇవతలికి జరిపించాను. ఆయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు. రికార్డులో తప్పు ఎవరిదైనా తప్పేనని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను. కాకపోతే ఇప్పుడు ఆ మాట అనడానికి కొంత సమయం పడుతున్నది.

ఎందుకు వెళ్ళాను

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత భూగోళ పుస్తకంలో మాయా జాతి వారు అడవికి వదిలిపెట్టి పోయిన నగరాల నక్షాలు చూశాను. రాతి మెట్లు, చతురస్రపు ముంగిళ్ళు, చెట్ల వేళ్ళు పెకిలించిన గోడలు. పదవీ విరమణ తరువాత అక్కడికి వెళ్ళాలని దినచర్యలో రాసుకున్నాను. ఆ రాత ఇంకా అలాగే ఉన్నది. ఆ దేశాల దూరం, నా మోకాళ్ళ పరిస్థితి రెండూ తెలిసిన నా తమ్ముడు మల్లేశం పోయిన దసరాకు ఖతార్ నుంచి ఫోన్ చేసి అన్నాడు:

"అన్నా, ఆడిదాంక ఎందుకే? నా దగ్గర గూడ ఒక పాడువడ్డ ఊరున్నది. తొమ్మిది చలికాలాలు దాని గోడలు నిలవెట్టిన. నువ్వచ్చి సూడు."

మల్లేశానికి యాభై ఎనిమిదేళ్ళు. మేస్త్రీ. ఇరవై రెండేళ్ళుగా ఖతార్‌లో ఉన్నాడు. అందులో తొమ్మిదేళ్ళు, ప్రతి చలికాలం, ఆ శిథిలాలను బాగుచేసే గుత్తేదారు కింద పనిచేశాడు. తరువాత మురుగు కాలువల పనికి మార్చారు. చక్కెర జబ్బుతో కుడి కన్ను పోయింది. ఎడమ కన్ను పోయే దారిలో ఉన్నది. ఫిబ్రవరి నెలాఖరుకు కంపెనీ అతణ్ణి శాశ్వతంగా ఇంటికి పంపుతున్నది.

"చూపు ఉండంగనే నీతోని ఒకసారి ఆడ నిలవడాలె అన్నా. ఊర్ల ఎవ్వలు నమ్ముతలేరు. బిల్డింగులు కడ్తున్న అంటె నమ్ముతరు. పాత గోడలు కడ్తున్న అంటె నవ్వుతరు. నువ్వు రాస్తివా, ఇగ అది ఉన్నట్టే."

ఈ చివరి మాట కోసమే బయలుదేరాను. మా జగిత్యాల దిక్కు వాళ్ళందరూ "సారు దుబాయ్ పోతుండు" అన్నారు. ఖతార్ వేరే దేశమని సరిదిద్దాను. ఒప్పుకున్నారు. మళ్ళీ దుబాయ్ అనే అన్నారు.

ఉమ్ ఘువైలినా

దోహాలో నేను దిగింది మల్లేశం దగ్గర కాదు. క్యాంపులో అతని గదిలో ఎనిమిది మంది ఉంటారు, బయటివాళ్ళకు ప్రవేశం లేదు. నాతో హైదరాబాదులో పనిచేసిన ఒక రాజమండ్రి మిత్రుని కూతురు పద్మావతి ఉమ్ ఘువైలినా అనే పేటలో ఉంటుంది. భర్తా ఆమె ఇద్దరూ ఉద్యోగస్తులు. నాలుగో అంతస్తులో ఫ్లాటు. కిటికీ లోంచి చూస్తే ఎదుటి ఫ్లాటు కిటికీ. నాకు వచ్చిన మొదటి అభిప్రాయం, ఇక్కడ సముద్రం ఉన్నదని వినడమే గాని ఎవరికీ కనిపించదని.

పద్మావతి మంచి పిల్ల. ఇడ్లీలు పెట్టింది, అల్లప్పచ్చడి పెట్టింది, కారం తక్కువగా ఉన్నదేమోనని నాలుగుసార్లు అడిగింది. మల్లేశం సంగతి చెప్పాను.

"టూర్ బస్సుంది బాబాయ్ గారూ. శుక్రవారం శుక్రవారం వెళ్తుంది. గైడు కూడా ఉంటాడు. మా ఆఫీసువాళ్ళంతా అందులోనే వెళ్ళారు. ఇద్దరికీ నేను బుక్ చేసేస్తాను, మీరు కంగారు పడకండి" అన్నది.

ఆమె ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మల్లేశం వాళ్ళ క్యాంపులున్న ఇండస్ట్రియల్ ఏరియా వైపు పోలేదు. ఆమె ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళేనని తరువాత తెలిసింది. ఈ తప్పు నాది. ముందు రాసిన వాక్యాన్ని సరిదిద్ది చదువుకోగలరు: తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. దారి తెలియక కాదు, పని పడక. ఒకే జిల్లాలో రెండు ఊళ్ళు పక్కపక్కనే ఉండి కూడా పెళ్ళి సంబంధాలు లేకపోతే రాకపోకలుండవు. అటువంటిదే.

ఏషియన్ టౌన్

గురువారం డ్యూటీ అయ్యాక మల్లేశం ఏషియన్ టౌన్‌కు వచ్చాడు. కూలివాళ్ళ కోసం కట్టిన బజారు అది. దుకాణాలు, సినిమా హాళ్ళు, క్రికెట్ మైదానం అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళు మాత్రం దాదాపు లేరు. వేల మంది మగవాళ్ళు తెల్లగా వెలిగే దీపాల కింద అటూ ఇటూ నడుస్తున్నారు. ఎవరి భుజాన పిల్లలు లేరు. జాతరలోంచి సగం మందిని తీసేస్తే ఎట్లుంటుందో అట్లున్నది.

తమ్ముణ్ణి మూడేళ్ళ తరువాత చూశాను. నేను చెయ్యి ఊపితే అతను నా వెనక ఉన్న మనిషికి చెయ్యి ఊపాడు. దగ్గరికి వచ్చి, నా ముఖానికి జానెడు దూరంలో తన ముఖం పెట్టి చూసి నవ్వాడు.

"ముసలోనివైనవేందే అన్నా?"

"డెబ్బై ఒకటి. రికార్డులో ఉన్నది."

"నీ రికార్డు మన్నువడ. రా, కరక్ తాగుదాం."

కరక్ అంటే ఇక్కడి యాలకుల చాయ. కాగితపు గ్లాసులో ఇస్తారు, రెండు రియాళ్ళు. చిక్కగా ఉన్నది గాని తియ్యదనం ఎక్కువ. మల్లేశం తాగకూడదు. తాగాడు. నేను వద్దనలేదు, పుస్తకంలో రాశాను.

తరువాత అతను ఒక దుకాణంలో ముప్పై రియాళ్ళు పెట్టి నీలపు చొక్కా కొన్నాడు. ఉన్నవన్నీ కంపెనీ చొక్కాలేనట, వెనక కంపెనీ పేరు ఉంటుందట. "రేపు నేను పనికి పోతలేను గద. సూడవోతున్న" అన్నాడు. చొక్కాను కంటికి దగ్గరగా పట్టుకొని కుట్లు చూశాడు. మేస్త్రీ గోడను చూసినట్టు చూశాడు.

బస్సు మెట్టు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి బస్సు దగ్గరికి చేరాము. బస్సు శుభ్రంగా, చల్లగా ఉన్నది. మల్లేశం నీలపు చొక్కాతో కిటికీ పక్కన కూర్చున్నాడు. జాబితా పట్టుకున్న మనిషి వచ్చి అతని చేతులు చూశాడు. ముఖం కాదు, చేతులు. సిమెంటు తిన్న వేళ్ళను కొత్త చొక్కా దాచలేదు. గుర్తింపు కార్డు అడిగాడు. చదివి నన్ను హిందీలో అడిగాడు:

"ఇతను మీ మనిషా?"

"నా తమ్ముడు. టికెట్ ఉన్నది."

"ఇది ఫ్యామిలీ టూర్ సార్. బ్యాచిలర్లను ఎక్కించం."

"ఇతనికి భార్య ఉన్నది. ఇద్దరు మనవలున్నారు."

"ఖతార్‌లో ఉన్నారా?"

"ఊళ్ళో ఉన్నారు."

"అయితే బ్యాచిలరే."

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఈ దేశంలో ఆ మాటకు పెళ్ళి కానివాడని అర్థం కాదు. కుటుంబాన్ని తెచ్చుకునే జీతం లేనివాడని అర్థం. "మరి నేను? నా భార్య చనిపోయి ఆరేళ్ళయింది. నేనెవరిని?" అని అడిగాను. జాబితా చూసి, "మీరు మేడమ్ గారి ఫ్యామిలీ. మీరు ఓకే" అన్నాడు. కారణాన్ని రాసి సంతకం చేయమన్నాను. డబ్బు తిరిగి ఇస్తామన్నాడు. డబ్బు అడగలేదు, కారణం అడిగానన్నాను. బస్సులో అందరూ ఫోన్లు చూసుకున్నారు.

మల్లేశం అప్పటికే లేచి మెట్టు దిగుతున్నాడు. ఇటువంటివి అలవాటున్న మనిషి దిగినట్టు, తొందరా కోపమూ లేకుండా దిగాడు. నేను కూడా దిగాను.

"నువ్వు పో అన్నా. నువ్వు సూసత్తె సాలు."

"నువ్వు లేకుండా ఏ గోడ నీదో నాకెవరు చెప్తారు?"

అతను ఫోన్ తీశాడు.

ఉత్తరపు దారి

వచ్చినవాడు గంగాధర్, ఆర్మూర్ మనిషి. మల్లేశంతో ఒకే క్యాంపులో ఉండేవాడు. ఇప్పుడు పికప్ బండిలో తాగునీటి డబ్బాలు వేస్తాడు. ఆ రోజు ఉత్తరం దిక్కు డబ్బాలు దించే పని ఉన్నదట. ముగ్గురం ముందు సీట్లో ఒత్తుకొని కూర్చున్నాము.

"యల్లా, ఎక్కుండ్రి బాపూ. ఏమన్నడు వాడు? బ్యాచిలర్ అన్నడా?" గంగాధర్ స్టీరింగ్ కొట్టి నవ్వాడు. "మంచిగైంది గదా మల్లేశం కాకా! ఇంకో లగ్గం జేసుకో. చిన్నమ్మకు నేను ఫోన్ జేసి చెప్త."

"చెయ్యి. నీ బండి తాళంచెవి గూడ ఆమెకే ఇయ్యి, వచ్చి ఇద్దర్ని తొక్కిస్తది."

వాళ్ళిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళకు కోపం రాకపోవడమే నాకు కోపం తెప్పించింది. అది కూడా రాసుకున్నాను.

దోహా దాటాక ఏమీ లేదు. మా దిక్కున బీడు అంటే తుమ్మ, రేగు, కనీసం ఎండిన గడ్డి ఉంటుంది. ఇక్కడ తెల్లటి రాయి, దాని మీద తెల్లటి దుమ్ము. ఉత్తరపు గాలి బండిని పక్కకు నెడుతున్నది. గంట దాటినా దృశ్యం మారలేదు. కొలతలవాడికి ఇంతకన్నా దుర్మార్గమైన నేల లేదు, గుర్తు పెట్టుకునేందుకు ఒక్క ఆనవాలు దొరకదు.

ఆ పట్టణం పేరు ఈ కథనంలో రాయడం లేదు. కారణం ఏమిటో చివరికి వచ్చేసరికి పాఠకులకు తెలుస్తుంది. గంగాధర్ మమ్మల్ని దించి, నాలుగింటికి వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. శుక్రవారం కాబట్టి మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా గేటు తీయరట. కోట గోడ నీడలో కూర్చొని పద్మావతి కట్టిచ్చిన పులిహోర తిన్నాము. మల్లేశం మెచ్చుకుంటూనే, తన డబ్బాలోంచి ఉల్లిగడ్డ ముక్కలు తీసి నంజుకున్నాడు. గేటు తెరిచాక కాపలాదారు మా ఇద్దరినీ చూసి ఏమీ అడగలేదు. ఆ దేశంలో ఆ రోజు మమ్మల్ని మనుషులుగా లోపలికి పంపినవాడు ఆయనొక్కడే. కృతజ్ఞతతో నమోదు చేస్తున్నాను.

గీత

ఎత్తైన భవనాలు, మెట్ల గోపురాలు ఊహించుకున్న నాకు మొదట నిరాశ కలిగింది. ఊరంతా మోకాలి ఎత్తు, నడుము ఎత్తు గోడలే. సముద్రపు రాయిని మట్టితో పేర్చి, పైన సున్నం వంటి గచ్చు పూశారు. వీధులు తిన్నగా ఉన్నాయి, ఎవరో తాడు పట్టి గీసినట్టు. అది నాకు నచ్చింది.

చరిత్ర చెప్పింది మల్లేశమే. తొమ్మిదేళ్ళు నిపుణుల వెనక తట్ట మోస్తూ విన్నదంతా అతనికి వరుసగా తెలుసు. ఇది ముత్యాల ఊరు. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్ళంతా పడవల మీద పోయేవారు. ముక్కు మూసే చిమటా లాంటిది పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని సముద్రంలోకి దిగేవారు. ఆ ముత్యాలు బస్రా ముత్యాలన్న పేరుతో మన హైదరాబాదు దాకా వచ్చాయి. తాగడానికి ఊళ్ళో మంచినీళ్ళు లేవు, దూరపు బావుల నుంచి మోసుకొచ్చేవారు. ఒక ఇంట్లో నేల మీద సన్నని కాలువలు వరుసగా ఉన్నాయి. ఖర్జూరపు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే రసం కారి ఆ కాలువల గుండా కుండలోకి దిగేదట. తరువాత యుద్ధాలు వచ్చాయి, ముత్యాల బేరం పడిపోయింది, జనం వెళ్ళిపోయారు. ఇసుక కప్పేసింది.

"సముద్రంలో మునిగేవాళ్ళ ఇండ్లు ఎక్కడ?" అని అడిగాను.

"ఇవన్ని సేట్ల ఇండ్లే. మునిగెటోళ్ళయి ఈత మట్టల గుడిసెలు. ఊరవుతల ఉండె. గుంజల బొక్కలు తప్ప ఏం మిగల్లే."

నిర్మాణపు నియమం కూడా అతనే చూపించాడు. గోడలో ఒకచోట నా చెయ్యి పట్టి ఆనించాడు. వేలెడు మందం గల చిన్న చదును రాళ్ళు ఒకే వరుసలో, గోడ పొడవునా గీతలాగా పోతున్నాయి.

"గీ గీత తెలుస్తుందా? దీనికి కింద ఉన్నది వాళ్ళ కాలంది. మీద ఉన్నది మేము కట్టింది. పాతది పాతదే, కొత్తది కొత్తదే. కలపద్దు. గది రూలు. గీత వెయ్యకుంట ఒక్క రాయి మీద వెట్టనియ్యకపోతుండిరి."

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇంత నిజాయితీ గల నియమం నేను చూడలేదు. నా పుస్తకంలో ఆ పేజీ మొత్తం దాని గురించే. అసలును, సవరణను ఒకే చూపులో వేరు చేసే రికార్డు. గోడే తన దస్తావేజును మోస్తున్నది.

"మరి నువ్వు కట్టినవి చూపించు" అన్నాను.

అతను ఒక్కో గోడ దగ్గర ముఖం ఆనించి, చేత్తో తడుముతూ పోయాడు. ఐదు గోడలు. ఆరు గోడలు. ప్రతిచోటా తల ఊపాడు.

"లేవన్నా. మీద పూత మేము ఎందుకు పూస్తమంటె, ఉప్పు గాలి దాన్ని తినాలని. అది తింటె లోపటి పాత రాయి బతుకుతది. రెండు మూడేండ్లల్ల పూత రాలిపోతది, మళ్ళ కొత్తోళ్ళు పూస్తరు. గీత మీది రాళ్ళు గూడ మార్చిండ్రు. నేను చేసింది ఏది లేదు."

ఆ మాట మామూలుగా, వానలు పడలేదని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను పుస్తకం తెరిచి పట్టుకొని ఉన్నాను. రాయడానికి ఏమీ లేదు.

"ఒక్కటి ఉండాలె" అని మెల్లగా అన్నాడు. "ముంగట పెద్ద సేటు ఇంట్ల."

గూడు

పొద్దున మమ్మల్ని దింపిన బస్సు జనం, దారిలో వేరే చోట్లు చూసుకొని వచ్చి, ఆ ఇంటి ముంగిట్లో నిలబడి ఉన్నారు. గైడు, నలభై ఏళ్ళ కేరళ మనిషి, మర్యాదస్తుడు, గుమ్మానికి కుడిపక్క గోడను చూపిస్తూ చెబుతున్నాడు. ఆ గోడలో ఒక గూడు ఉన్నది. పైన రెండు రాళ్ళు తలలు ఆనించుకొని ఉన్నాయి.

"ముత్యాల వ్యాపారి ఇక్కడ దీపం పెట్టుకొని ముత్యాలు ఎంచేవాడు. లోపల చూడండి, మసి. రెండు వందల ఏళ్ళ నాటి మసి!"

అందరూ ఒకరి తరువాత ఒకరు ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ మసిని వేలితో ముట్టుకోబోతే గైడు వారించాడు.

నేను గూడు చూడలేదు. గీత కోసం చూశాను. గూడుకు మూరెడు కిందుగా చదును రాళ్ళ వరుస స్పష్టంగా పోతున్నది. గూడు గీతకు పైన ఉన్నది. అంటే ఆ స్థలం నియమం ప్రకారమే అది పాతది కాదు. గైడు గాని, పక్కన పలక మీద "దీపపు గూడు" అని రాసినవారు గాని ఆ గీతను చదవలేదు.

"ఈ గూడు రెండు వందల ఏళ్ళది అనడానికి ఆధారం ఏమిటి?" అని గట్టిగా అడిగాను.

పొద్దున బస్సులో నన్ను చూసిన గైడు గుర్తుపట్టి కొంచెం ఇబ్బంది పడ్డాడు. "మసి, సార్."

"అయితే ఈ గీత..." అంటూ నా చేతికర్ర ఎత్తాను. మణికట్టు మీద మల్లేశం చెయ్యి పడింది. ఇరవై రెండేళ్ళు రాళ్ళు ఎత్తిన చెయ్యి. నేను కదల్లేకపోయాను.

"అన్నా, నీకు దండం పెడ్త. ఊకో. అది నేను వెట్టిన."

"ఇంకేమైనా అడగాలా సార్?" అన్నాడు గైడు.

"లేదు" అన్నాను. తెలిసిన తప్పును తెలియనట్టు వదిలిపెట్టడం నా జీవితంలో అదే మొదలు.

బస్సు జనం వెళ్ళాక మల్లేశం గూడులో చెయ్యి పెట్టాడు. లోపల అరచేతితో గోడ గోడా తడిమాడు. ఎప్పటి సంగతో చెప్పాడు. ఆ ఇంటి పనిలో ఉండగా దీపావళి వచ్చింది. ఆ పనిని చూసే నిపుణురాలు సెలవులో ఉన్నది, ఫోర్‌మన్ దోహా పోయాడు. నక్షాలో అక్కడ నిండు గోడే ఉన్నది.

"గోడ భుజమెత్తుకు అచ్చింది. దర్వాజకు కుడిపక్క. చెయ్యి ఆగలేదే అన్నా. గూడు లేని గోడ మనం ఎన్నడన్న కట్టినమా? మొండిగోడ మంచిది గాదంటుండె మా ఉస్తాదు. గూటికి జాగ ఇడిచివెట్టిన. పొద్దుగూకంగ చేపల డబ్బా మూతల కొబ్బరినూనె వోసి దీపం వెట్టిన. గదే మసి."

"నిపుణురాలు వచ్చి ఏమీ అనలేదా?"

"కూలగొట్టుమంటదనుకున్న. టేపుతోని కొలిచింది, ఫోటో తీసింది, రాసుకున్నది. గుడ్ అన్నది. కింద పాత గూడు ఆనవాలు చూసే కట్టిననుకున్నదేమో. ఆమె అడగలే, నేను చెప్పలే."

నా దగ్గర టేపు లేదు. చేత్తో కొలిచాను. జానెడు వెడల్పు. జాన మీద నాలుగు వేళ్ళ ఎత్తు. మోచేతి దాకా లోతు. ఇంటి పంపకాలప్పుడు నక్షా గీయడానికి మా ఇంటి గుమ్మం పక్క దీపపు గూడును కూడా ఇదే చేత్తో కొలిచాను. ఒక్క వేలి తేడా కూడా లేదు.

"తమ్మీ, ఇది తప్పు రికార్డు" అన్నాను.

"నాకెర్కనే. నేనున్నన్ని రోజులు చెప్పకు. పొయ్యినంక నీ ఇష్టం. చెప్తె కూలగొడ్తరు. గదొక్కటే ఉన్నది గదా."

ప్రతి స్థలానికీ నా పుస్తకంలో ఐదు గడులుంటాయి. ఆ రోజు నాలుగు నింపాను. "నిర్మాణ కాలం" అన్న గడి ఖాళీగా వదిలాను. నాలుగింటికి గంగాధర్ వచ్చాడు.

క్యూఆర్ కోడ్

ఆదివారం ఆ యాత్రా సంస్థ కార్యాలయానికి వెళ్ళాను. పద్మావతి వెంట వచ్చింది. బస్సు సంగతి విన్నప్పటి నుంచి ఆమె ముఖం బాగాలేదు. "నేను ఫ్యామిలీ అని టిక్కు పెట్టాను బాబాయ్ గారూ. ఆ గడి ఎందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నది. ఫిర్యాదు పుస్తకం అడిగాను. బల్ల వెనక అమ్మాయి క్యూఆర్ కోడ్ చూపించింది. నేను రెండు పేజీల ఫిర్యాదు రాసి తీసుకుపోయాను, ముద్ర వేసి నకలు ఇమ్మన్నాను. ముద్ర లేదన్నది. "గైడు మీద కూడా ఏమైనా కంప్లయింట్ ఉందా సార్?" అని అడిగింది.

ఉన్నది. నా సంచిలో మూడవ పేజీ ఉన్నది. తీయలేదు.

ఇంటి దగ్గర

మల్లేశం మార్చి మొదటి వారంలో వచ్చేశాడు. ఎడమ కన్ను కూడా ఇప్పుడు వెలుతురునూ నీడనూ మాత్రమే పోల్చుకుంటున్నది. పలకరించడానికి వచ్చినవాళ్ళు "దుబాయ్ల ఏం కట్టినవ్ మల్లేశం?" అని అడుగుతారు. "గూడు" అంటాడు. నవ్వి వెళ్తారు.

మొన్న ఒక పొద్దున అతని భార్య, మా మరదలు రాజవ్వ, మాకిద్దరికీ చాయ్ ఇచ్చి అక్కడే కూర్చున్నది. ఆ గూడు కథ ఆమెకు తెలుసు.

"ఇగ రాయి అన్నా" అన్నాడు మల్లేశం.

"కూలగొడతారేమో."

"కూలగొట్టనీ. నాకు నిద్ర వడ్తలేదు. ఎవడో సేటు ఆడ కూసుండి ముత్యాలు ఏరిండని వాడు చెప్పవట్టె. నా గూడు తీసుకపోయి సేటు పేర్న రాసిండ్రు. ఉంటె నా పేర్న ఉండాలె. లేకుంటె లేకపాయె."

"బావా, దీపం ముచ్చట గూడ రాయి" అన్నది రాజవ్వ. "ఆ పండుగ నాడు ఫోన్ల చెప్పిండు, ఇయ్యాల దీపం వెట్టిన అని. యాడ వెట్టినవ్ అంటె చెప్పలే."

రాశాను.

జవాబు కోరుతూ

యాత్రా సంస్థ వారికి: ఇద్దరు మనవలున్న మనిషిని బ్యాచిలర్ అని ఏ నియమం ప్రకారం నిర్ణయించారో, ఆ నియమం నకలుతో సహా, రాతపూర్వకంగా తెలియజేయవలెను.

ఆ శిథిల పట్టణాన్ని సంరక్షించే కార్యాలయం వారికి ఈ కథనం అనువాదాన్ని, నా కొలతలను, చేతి నక్షాను ఈ రోజే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. వారి జవాబు వచ్చేవరకు ఆ స్థలం పేరు ఎవరికీ చెప్పను. వారు ఈ క్రింది ప్రశ్నలకు సంతకంతో, తేదీతో జవాబు ఇవ్వవలెనని కోరుతున్నాను.

సేటు ఇంటి గుమ్మానికి కుడిపక్క గూడు, మీరే వేయించిన గీతకు పైన ఉన్నదా లేదా?

నక్షాలో లేదన్న కారణంతో దానిని తీసివేయదలిస్తే, ఏ తేదీన తీస్తారు? ఆ తేదీ మాకు ముందుగా తెలియాలి. ఆ రోజు మా ఇంటి గూడులో దీపం పెడతామని మా మరదలు అన్నది.

ఉంచదలిస్తే, పక్కనున్న పలకను మార్చి ఈ వాక్యం రాయిస్తారా? "ఈ గూడు పాతది కాదు. దీనిని కట్టి, మొదటి దీపం పెట్టినవాడు మల్లేశం, మేస్త్రీ, జగిత్యాల జిల్లా, తెలంగాణ."

జవాబు నా పేరున వద్దు. మల్లేశం పేరున పంపండి. చదివి వినిపించడానికి నేనున్నాను.